పుస్తకములతో నడచిన దైవజనుడు – జాన్ వెస్లీ



మన సంఘములలో బైబిలు లేని ఇల్లు అరుదు. దాని ప్రక్కనే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము ఉండును. ఇవిగాక అద్దాల బీరువాలో మరి నాలుగైదు భక్తి గ్రంథములు కూడ ఉండును. పిల్లలకు సండేస్కూలు పోటీలలో బహుమానముగా వచ్చినవి కొన్ని, కన్వెన్షనులో కొన్నవి కొన్ని, తాతగారు విడిచి వెళ్లినవి కొన్ని. వాటిని కడపటిసారి ఎప్పుడు తెరచితిమో మనకే జ్ఞాపకముండదు. ఎవరైన అడిగినయెడల, బైబిలు ఉండగా ఇతర పుస్తకములు ఎందుకని సమాధానము చెప్పుదుము. వినుటకు ఈ మాట భక్తిగానే ఉండును. కాని ఆ బైబిలునైనను మనము ఎంత చదువుచున్నామో మన మనస్సాక్షికి తెలియును.

ఈ ప్రశ్నకు తన జీవితమంతటితో జవాబు చెప్పిన ఒక దైవజనుని చరిత్ర ఈ శతవార్షిక సంచికలో మీ ముందుంచుచున్నాను. ఆయన జాన్ వెస్లీ. మెథడిస్టు ఉద్యమ స్థాపకుడుగా ఆయన పేరు మనకందరికి తెలియును. ఆయన గుఱ్ఱమెక్కి ఊరూర సువార్త ప్రకటించెననియు, ఒక రాత్రి ఆయన హృదయము వింతగా వెచ్చబడెననియు ప్రసంగములలో వినియున్నాము. కాని ఆయన చదువరి అను సంగతి, పుస్తకములు ఆయనను ఎట్లు తీర్చిదిద్దెననునది, ఎక్కడ అవి చాలకపోయెననునది మనము అంతగా తలంచలేదు. ఆ సంగతి తెలిసికొనుట మనకు మేలు కలుగజేయును.

తల్లి నడిపిన బడి

జాన్ వెస్లీ 1703వ సంవత్సరము జూన్ 17వ తేదీన (నాటి పాత పంచాంగము ప్రకారము) ఇంగ్లండు దేశములో లింకన్‌షైరు ప్రాంతమందలి ఎప్‌వర్త్ అను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రి శామ్యూల్ వెస్లీ ఆ ఊరి గురువు. తల్లి సుసన్నా. ఆమె కన్న బిడ్డలు పందొమ్మిది మంది. వారిలో జాన్ పదునైదవవాడు. అనేకులు పసితనములోనే చనిపోయిరి. ఇల్లు పేదది, అప్పులు ఎక్కువ. తండ్రి ఒకసారి అప్పు తీర్చలేక చెరసాల పాలయ్యెను.

అట్టి ఇంటిలో సుసన్నా తానే బడి పెట్టెను. బిడ్డకు అయిదేండ్లు నిండగానే చదువు మొదలగును. మొదటి దినముననే అక్షరములన్నియు నేర్వవలెను. మరునాడు ఆదికాండము మొదటి అధ్యాయము తెరచి ఒక్కొక్క మాట కూడబలుకుచు చదువవలెను. దినమునకు ఆరు గంటల బడి. ఈ విధముగా వెస్లీకి చదువు వచ్చిన మొదటి పుస్తకము బైబిలే ఆయెను.

1709 ఫిబ్రవరి 9వ తేదీ రాత్రి ఆ గురువుగారి ఇల్లు అంటుకొని కాలిపోయెను. అందరును బయటపడిరి గాని అయిదేండ్ల జాన్ మేడమీద చిక్కుకొనెను. ఇరుగుపొరుగువారు ఒకరి భుజములపై ఒకరు నిలిచి, కిటికీలోనుండి బాలుని దించిరి. మరుక్షణమే పైకప్పు కూలెను. దేవుడు ఏదో పనికొరకే ఈ బిడ్డను కాపాడెనని తల్లి నమ్మెను. ఆ అగ్నిలో తండ్రిగారి పుస్తకములును వ్రాతప్రతులును బూడిదయ్యెను.

ఇక్కడ మన దేశమునకు సంబంధించిన ఒక సంగతి కలదు. 1711–12 చలికాలములో శామ్యూల్ లండనులో ఉండగా, సుసన్నా చేతికి ఒక పుస్తకము వచ్చెను. అది తమిళ తీరమందలి తరంగంబాడిలో పనిచేయుచున్న డేనిష్ మిషనెరీల వృత్తాంతము. దానిని చదివి ఆమె మిక్కిలి కదిలింపబడెను. అంత దూరదేశము వెళ్లలేకపోయినను తన ఇంటిలోని ఆత్మల కొరకు మరి ఎక్కువ చేయవలెనని తీర్మానించుకొనెను. వారములో ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క సాయంకాలము కేటాయించి, ఒంటరిగా కూర్చుండబెట్టుకొని దైవ సంగతులు మాటలాడసాగెను. జాన్ వంతు గురువారము. ఆదివారము సాయంకాలము తన వంటింటిలో మంచి ప్రసంగములు పైకి చదువుచుండగా ఇరుగుపొరుగువారు వచ్చి వినసాగిరి. క్రమముగా వారి సంఖ్య రెండు వందలు దాటెను. ఆ తరంగంబాడి మిషనుకు చెందిన బెంజమిన్ షుల్జ్ అను భక్తుడే తరువాత మన తెలుగు నేర్చుకొని బైబిలును తెలుగులోనికి తర్జుమా చేసెను. మన తీరమున జరిగిన సేవ ఒక పుస్తకమై, ఇంగ్లండులో ఒక తల్లి చేతిలో పడి, ఒక బాలుని గురువారపు సాయంకాలములను దీవించెను. వ్రాసినవారికి ఆ సంగతి తెలియనే తెలియదు. మంచి పుస్తకము ఎక్కడికి పోవునో ఎవరును చెప్పలేరు.

ఆక్స్‌ఫర్డులో ముగ్గురి పుస్తకములు

జాన్ పదేండ్ల ప్రాయమున 1714లో లండనులోని చార్టర్‌హౌస్ పాఠశాలలో చేరెను. 1720లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమందలి క్రైస్ట్ చర్చి కళాశాలకు వెళ్లెను. బుద్ధిమంతుడు, చలోక్తులాడువాడు, వాదనలో దిట్ట. ఆలయమునకు వెళ్లుచుండెను, ప్రార్థనలు చెప్పుచుండెను. పెద్ద పాపములేవియు లేవు గనుక తాను మంచి క్రైస్తవుడనని తలంచుకొనుచుండెను. మనలో అనేకుల స్థితి ఇట్టిదే గదా.

1725లో ఆయన గురుత్వమునకు సిద్ధపడుచుండగా జెరెమీ టేలర్ అను ఇంగ్లీషు బిషప్పు పరిశుద్ధముగా జీవించుటను గూర్చియు, పరిశుద్ధముగా మరణించుటను గూర్చియు వ్రాసిన రెండు గ్రంథములు ఆయనకు దొరికెను. కాలమును దేవునికి లెక్క అప్పగింపవలెనని చదివిన వెస్లీ ఆ సంవత్సరమే దినచర్య వ్రాయుట ప్రారంభించెను. ఆ అలవాటును జీవితాంతము వరకు విడువలేదు. అటు తరువాత పదునైదవ శతాబ్దపు సన్యాసి థామస్ ఎ కెంపిస్ పేర వెలసిన క్రీస్తు అనుకరణ గ్రంథము చదివెను. మతము పై ఆచారములలో లేదు, హృదయములో ఉన్నది, హృదయమంతయు ఇయ్యనిదే ఏమియు ఇయ్యనట్లే అను సంగతి ఆయనకు అప్పుడు తెలిసెను. కొన్ని ఏండ్లకు విలియం లా అను సమకాలీన గురువు వ్రాసిన రెండు గ్రంథములు చదివెను. సగము క్రైస్తవుడుగా ఉండుట అసాధ్యమని అవి ఆయనకు రుజువు చేసెను. 1732లో వెస్లీ స్వయముగా లా గారి యింటికి వెళ్లి ఆయన ఆలోచన అడిగెను.

ఆయన చదివిన తీరును మనము గమనింపవలెను. చదివినదంతయు తలవంచి ఒప్పుకొనలేదు. కెంపిస్ గ్రంథములో లోకములోని సంతోషమంతటిని తృణీకరించుట ఆయనకు నచ్చలేదు. దేవుడు మనలను నిత్యము దుఃఖించుటకే ఈ లోకమునకు పంపెనా అని సందేహించి తల్లికి ఉత్తరము వ్రాసెను. ఆమె జవాబు వ్రాసెను. కుమారుడు సరిగానే అడిగెనని ఒప్పుకొని, ఏ సంతోషము మనస్సాక్షిని మొద్దుబార్చునో, దేవునియందలి రుచిని తగ్గించునో అదియే తగనిదని తెలుసుకొనుమని సలహా ఇచ్చెను. ఇరువది రెండేండ్ల కుమారుడు, ఏబది దాటిన తల్లి ఒకే పుస్తకము చదివి దానిని గూర్చి ఉత్తరములు వ్రాసికొనిరి. నేడు మన కుటుంబములలో తల్లియు కుమారుడును ఒక భక్తి గ్రంథమును గూర్చి మాటలాడుకొని ఎంత కాలమాయెను?

1725 సెప్టెంబరులో ఆయన డీకనుగాను, 1728 సెప్టెంబరులో గురువుగాను అభిషేకింపబడెను. 1726లో లింకన్ కళాశాలలో ఫెలోగా ఎన్నుకొనబడెను. 1729 నుండి బైబిలును కేవలము చదువుట మాని శోధించి అభ్యసింపసాగెనని తానే చెప్పుకొనెను. ఆ గ్రంథములు ఆయనను బైబిలుకు దూరము చేయలేదు, బైబిలు యొద్దకే తోలుకొని వచ్చెను. ఆ కాలములోనే ఆయన తమ్ముడు చార్లెస్ మరి కొందరు విద్యార్థులతో కూడి గ్రీకు నూతన నిబంధన చదువుచుండిరి. జాన్ వారికి నాయకుడాయెను. చదువు చదువుగానే నిలువలేదు. 1730 నుండి వారు చెరసాలలోని ఖైదీలను, బీదలను దర్శింపసాగిరి. తోటి విద్యార్థులు ఎగతాళిగా వారికి పెట్టిన పేర్లలో మెథడిస్టులు అనునది ఒకటి. ఎగతాళి పేరే బిరుదు పేరై నిలిచినది.

పుస్తకములు చాలని దినము

1735 అక్టోబరులో వెస్లీ అమెరికాలోని జార్జియా వలస ప్రాంతమునకు మిషనెరీగా ఓడ ఎక్కెను. ప్రయాణములో 1736 జనవరిలో గొప్ప తుపాను లేచెను. ఓడ తెరచాప చినిగి, నీరు లోనికి వచ్చెను. ఇంగ్లీషువారు కేకలు వేయుచుండగా మొరేవియను సంఘమునకు చెందిన జర్మను కుటుంబములు, చిన్న పిల్లలతో సహా, నెమ్మదిగా కీర్తన పాడుచునేయుండిరి. వెస్లీ మరణమునకు భయపడెను. ఆ భయము ఆయనను సిగ్గుపరచెను. పరిశుద్ధముగా మరణించుటను గూర్చిన గ్రంథము చదివి పదేండ్లు దాటినను చావు ఎదుటికి రాగానే వణకెను.

జార్జియాలో ఆయన సేవ విఫలమాయెను. నియమములను కఠినముగా అమలు జరిపెను. తాను వివాహమాడదలచిన యువతి మరియొకనిని పెండ్లాడగా, కొంత కాలమునకు ఆమెకు ప్రభు సంస్కారము నిరాకరించెను. దానిపై వ్యాజ్యము వచ్చెను. 1737 డిసెంబరులో ఆయన ఆ ప్రాంతము విడిచి, 1738 ఫిబ్రవరిలో స్వదేశమునకు తిరిగి వచ్చెను. ఇతరులను మార్చుటకు అమెరికాకు వెళ్లితిని, నేనే మారలేదు అని మనస్సులో కుమిలెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పది నాలుగు. గ్రీకు, లాటిను, హెబ్రీ భాషలు వచ్చును. సంఘ పితరులను చదివెను. నియమము తప్పక ఉపవాసముండెను. హృదయములో సమాధానము మాత్రము లేదు.

మనము ఇక్కడ ఒక్క నిమిషము ఆగవలెను. ఇన్ని చదివియు ఆయనకు ఫలమేమి? చదువు వృథాయా? ఈ ప్రశ్న వెస్లీని కూడ వేధించెను. ఆ మే నెలలో ఆయన విలియం లా గారికి మిక్కిలి కటువైన ఉత్తరము వ్రాసెను. రెండు సంవత్సరములుగా నేను నీ గ్రంథములను బట్టి బోధించితిని, క్రీస్తునందలి సజీవ విశ్వాసమును నీవు నాకు ఎందుకు చూపలేదని నిందించెను. గురువును అట్లు దూషించుట సరికాదు. చదివించినవానిమీద పడుట సులభము. చదివినదానిలో మనము దేనిని వెదకితిమో అడుగుకొనుట కష్టము. వెస్లీ అప్పటివరకు పుస్తకములలో తాను ఏమి చేయవలెనో వెదకెను గాని క్రీస్తు తనకొరకు ఏమి చేసెనో నిలిచి చూడలేదు.

లండనులో పీటర్ బోలర్ అను మొరేవియను యువకుడు విశ్వాసమును గూర్చి ఆయనతో మాటలాడెను. వెస్లీ వెంటనే ఒప్పుకొనక గ్రీకు నూతన నిబంధన తెరచి, ముఖ్యముగా అపొస్తలుల కార్యములు శోధించెను. బోలర్ మాట నిజమే అని కనుగొనెను. మే 17న చార్లెస్ వెస్లీ గలతీయులకు వ్రాసిన పత్రికపై మార్టిన్ లూథరు వ్యాఖ్యానము చదివి కదిలింపబడెను. మే 21, పెంతెకొస్తు దినమున, ఆయన సమాధానము పొందెను. జాన్ ఇంకను చీకటిలోనే ఉండెను.

1738 మే 24, బుధవారము. ఉదయము అయిదు గంటలకు ఆయన నూతన నిబంధన తెరచి చదివెను. మధ్యాహ్నము సెయింట్ పాల్ దేవాలయములో నూట ముప్పదియవ కీర్తన గానము వినెను. సాయంకాలము ఆల్డర్స్‌గేట్ వీధిలోని ఒక చిన్న కూడికకు ఇష్టము లేకయే వెళ్లెను. అక్కడ ఒకరు రోమీయులకు వ్రాసిన పత్రికకు లూథరు వ్రాసిన ముందుమాట పైకి చదువుచుండిరి. తొమ్మిది గంటలకు పావుగంట ముందు, క్రీస్తునందలి విశ్వాసముచేత దేవుడు హృదయములో చేయు మార్పును గూర్చిన భాగము చదువుచుండగా, తన హృదయము వింతగా వెచ్చబడినట్లు వెస్లీకి తోచెను. క్రీస్తునందే నమ్మికయుంచితినని, ఆయన తన పాపములను, తన పాపములనే, తీసివేసెనని నిశ్చయత కలిగెను.

ఆ రాత్రి వెస్లీ తాను చదువలేదు, మరియొకరు చదువగా వినెను. చదివినవాని పేరు ఆయన తన దినచర్యలో వ్రాయలేదు. అతడు చదువుచున్నది తన సొంత మాటలు కూడ కాదు, రెండు వందల ఏండ్లనాటి ఒక జర్మను భక్తుని వ్రాత. ఆ భక్తుడు వివరించుచున్నది పౌలు వ్రాత. ఇట్లు ఒకరి చేతినుండి మరియొకరి చేతికి దీపము అందుచు వచ్చెను. ఇన్నేండ్ల చదువు ఆయనకు ఆకలి పుట్టించి పొలము దున్నెను. విత్తనము మొలిపించినది దేవుని ఆత్మ. దున్నని పొలములో మొలక నిలుచునా అని కూడ మనము ఆలోచింపవలెను.

దానితో సందేహములన్నియు ఒక్కసారిగా మాయమాయెనని తలంచరాదు. ఆ తరువాత నెలలలో కూడ ఆయన అనేక శోధనలు అనుభవించెను. ఆ వేసవిలోనే జర్మనీలోని హెర్న్‌హూట్‌కు వెళ్లి మొరేవియనుల జీవితమును కన్నులార చూచి వచ్చెను.

గుఱ్ఱముపై చదువరి

1739 ఏప్రిల్ 2వ తేదీన బ్రిస్టలు వద్ద వెస్లీ మొదటిసారి ఆరుబయట ప్రసంగించెను. అది మొదలు ఏబది సంవత్సరములకు పైగా ఇంగ్లండు, వేల్సు, స్కాట్లండు, ఐర్లండులలో తిరుగుచునేయుండెను. ఆయన ప్రయాణించినది సుమారు 2,50,000 మైళ్లనియు, చేసిన ప్రసంగములు సుమారు 40,000 అనియు జీవితచరిత్రకారులు లెక్కకట్టిరి. ఇంత పనిలో చదువుటకు తీరిక ఎక్కడిది? గుఱ్ఱముమీదనే. కళ్లెమును గుఱ్ఱపు మెడపై వదులుగా వేసి, చేతిలో పుస్తకము పట్టుకొని చరిత్ర, కవిత్వము, తత్త్వశాస్త్రము చదువుచు పోవుచుండెను. కళ్లెము బిగించి పట్టినప్పటికంటె వదలినప్పుడే గుఱ్ఱములు తక్కువగా తడబడునని లక్ష మైళ్లకు పైగా స్వారి చేసిన అనుభవముతో 1770లో వ్రాసెను. తీరిక లేదని చెప్పు మనకు ఇది మంచి మందు.

ఆయన అనుచరులు బొగ్గుగని కూలీలు, నేతపనివారు, పనికత్తెలు, చిన్న వర్తకులు. పెద్ద గ్రంథములు కొనలేరు, కొన్నను చదువలేరు. అందుచేత వెస్లీ పెద్దవాటిని చిన్నవిగా కుదించి, కఠినమైన మాటలు తీసివేసి, తక్కువ వెలకు అచ్చు వేయించెను. కెంపిస్ గ్రంథమును, మన తెలుగు సంఘములలో యాత్రికుని ప్రయాణముగా ప్రసిద్ధమైన జాన్ బన్యన్ గ్రంథమును ఆ విధముగా సంక్షేపించెను. ఒకప్పుడు తాను నిందించిన విలియం లా గ్రంథమును కూడ 1744లో తన జనులకొరకు కుదించి ప్రకటించెను. కోపము చల్లారిన తరువాత మేలును మేలుగా ఒప్పుకొనెను. కఠినపదములు తెలియనివారికొరకు 1753లో ఒక చిన్న ఇంగ్లీషు నిఘంటువు కూడ వెలువరించెను.

ఆయన గొప్ప సాహసము క్రిస్టియన్ లైబ్రరీ. 1749 నుండి 1755 వరకు ఏబది సంపుటములు. వాటిలో క్లెమెంతు, ఇగ్నేషియస్, పాలికార్పు వంటి తొలి సంఘ పెద్దల వ్రాతలు, ఎడారి భక్తుడు మకారియస్ పేర నిలిచిన ప్రసంగములు, జర్మను లూథరను యోహాన్ ఆర్న్ట్ రచన, ఫాక్సు వ్రాసిన హతసాక్షుల చరిత్ర, ప్యూరిటను బోధకుల గ్రంథములు, ఫ్రెంచి కతోలిక పండితుడు పాస్కల్ చింతనలు చేర్చెను. తన సంఘము, పరసంఘము అని చూడలేదు. క్రీస్తు ప్రేమ ఎక్కడ కనబడునో అక్కడనుండి తీసికొనెను. అచ్చులో తప్పులు దొర్లెను. తాను కొట్టివేసిన పుటలు కొన్ని అచ్చయ్యెనని ఆయనే తరువాత బాధపడెను. అమ్మకము తక్కువై రెండు వందల పౌనులకు పైగా నష్టపోయెను. అయినను పని ఆపలేదు. 1753 చివర తీవ్రముగా జబ్బుపడి, మరణము సమీపించెనని తన సమాధిపై వ్రాయవలసిన మాటలు కూడ వ్రాసికొనెను. కాని కోలుకొనెను. ప్రయాణము చేయలేని ఆ దినములలో నూతన నిబంధనపై వివరణలు వ్రాయ మొదలుపెట్టి 1755లో ప్రకటించెను.

చదువని బోధకులకు హెచ్చరిక

వెస్లీ బోధకులలో ఎక్కువమంది కళాశాల ముఖము చూడనివారు. వారితో ఆయన నిర్మొగమాటముగా మాటలాడెను. ప్రతిదినము ఉదయమంతయు చదువవలెను; దినములో అయిదు గంటలైనను మేలైన గ్రంథములకు ఇయ్యవలెను. చదువుటయందు రుచి లేదనువాడు రుచి కలిగించుకొనవలెను, లేనియెడల తన పాత వృత్తికి తిరిగి పోవలెను. పుస్తకములు లేవనువానికి అయిదు పౌనుల విలువగల గ్రంథములు ఇచ్చుటకు ఆయన సిద్ధముగా ఉండెను.

బైబిలు మాత్రమే చదువుదునని చెప్పినవానికి ఆయన ఇచ్చిన సమాధానము విచిత్రమైనది. అట్లయినయెడల నీవు పౌలును మించిపోతివి, ఆయనకు చెరసాలలో కూడ ఇతర పుస్తకములు కావలసివచ్చెను అను భావము గలది. తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక చివరి అధ్యాయము చూచినయెడల ఈ సంగతి మనకు తెలియును. ఇట్లు చెప్పిన వెస్లీయే 1746లో తన ప్రసంగముల ముందుమాటలో తాను ఒకే గ్రంథపు మనుష్యుడుగా ఉండగోరుచున్నానని వ్రాసెను. రెండింటికిని వైరుధ్యము లేదు. బైబిలు ఆయనకు సూర్యుడు. తక్కిన గ్రంథములు కిటికీలు. కిటికీలు వెలుగు పుట్టింపవు, కాని మూసియుంచిన గదిలోనికి వెలుగు రాదు.

1760లో ఒక బోధకునికి వ్రాసిన ఉత్తరములో, నీ ప్రసంగములు ఏడేండ్ల క్రిందట ఎట్లుండెనో ఇప్పుడును అట్లే ఉన్నవి, చదువు లేకపోవుటయే దీనికి కారణమని చెప్పెను. నీకు రుచించినను రుచింపకున్నను ప్రతిదినము కొంత సమయము చదువుటకును ప్రార్థించుటకును ఏర్పరచుకొనుమని బ్రతిమాలెను. బోధకులకు మాత్రమే గాక సంఘ పెద్దలకును, సండేస్కూలు ఉపాధ్యాయులకును, మనకందరికిని ఇది వర్తించును.

ఎట్లు చదువవలెనో కూడ ఆయన నేర్పెను. కెంపిస్ గ్రంథమునకు వ్రాసిన ముందుమాటలోని సలహాల సారాంశము ఇది. ప్రతిదినము ఒక నియమిత సమయము ఏర్పరచుకొనవలెను. వింత తెలిసికొనుటకు గాక ఆత్మ మేలుకొరకు చదువవలెను, ముందుగా ప్రార్థించవలెను. అక్కడక్కడ పుటలు త్రిప్పక మొదటినుండి చివరివరకు క్రమముగా చదువవలెను. తొందరపడక ఆగి ఆగి చదువుచు, మన బలహీనతను తాకిన భాగమును మరల మరల చదువవలెను. చదివినదానిని ప్రార్థనగా మార్చి ముగింపవలెను. ఈ క్రమమునకు డబ్బు అక్కరలేదు, పాండిత్యము అక్కరలేదు.

చదువు చేతికి వచ్చినప్పుడు

వెస్లీ లోపములు లేనివాడు కాడు. 1751లో చేసికొనిన వివాహము సుఖముగా సాగలేదు. నిత్య ప్రయాణములును, ఇతర స్త్రీలకు ఆత్మీయ సలహాలుగా వ్రాసిన ఉత్తరములును భార్యకు బాధ కలిగించెను. తుదకు వారు వేరుపడిరి. ఎన్ని గ్రంథములు చదివినను ఇంటిలోని మనిషి హృదయమును చదువుట వేరొక పాఠమని దీనినుండి మనము నేర్చుకొనవచ్చును.

అయినను ఆయన చదువు మనుష్యులకు దూరముగా పోలేదు. 1772లో అమెరికా క్వేకరు భక్తుడు ఆంథొని బెనెజెట్ బానిస వ్యాపారమును గూర్చి వ్రాసిన పుస్తకము ఆయన చదివెను. దానిచేత కదిలి 1774లో బానిసత్వమునకు విరోధముగా తానే ఒక పుస్తకము ప్రకటించెను. 1782లో బీదలకు కరపత్రములు పంచు సంఘమును థామస్ కోక్‌తో కలిసి స్థాపించెను. పుస్తకములవలన వచ్చిన లాభమును తన సుఖమునకు దాచుకొనక బీదలకు పంచిపెట్టెను.

1791 ఫిబ్రవరిలో, ఎనుబది ఏడవ యేట, కనుచూపు మందగించి శరీరము క్రుంగిన దినములలో కూడ చదువు మానలేదు. బానిసగా అమ్మబడి, పిమ్మట విడుదలపొంది క్రైస్తవుడైన ఆఫ్రికా వాసి ఒలాడా ఎక్వియానో వ్రాసికొనిన జీవితకథ ఆయన చేతిలో ఉండెను. ఫిబ్రవరి 24వ తేదీన పార్లమెంటు సభ్యుడు విలియం విల్బర్‌ఫోర్సుకు ఉత్తరము వ్రాసి, బానిస వ్యాపారముపై పోరాటములో విసుగక నిలువుమని ప్రోత్సహించెను. ఆయన వ్రాసిన కడపటి ఉత్తరములలో అది ఒకటి. ఆరు దినములకు, మార్చి 2వ తేదీన, లండను సిటీ రోడ్డులోని తన ఇంటిలో ప్రభునందు నిద్రించెను. ఆయన కోరిక ప్రకారము ఆరుగురు బీదవారు శవపేటికను మోసిరి. ఒక్కొక్కరికి ఒక పౌను ఇయ్యబడెను. 1807లో బ్రిటిషు పార్లమెంటు బానిస వ్యాపారమును నిషేధించెను.

మనకు అందిన స్వాస్థ్యము

ఆయన ఉద్యమము పందొమ్మిదవ శతాబ్దము చివరి భాగములో మన తెలంగాణకు చేరెను. వెస్లియను మిషనెరీలు సికింద్రాబాదు, మెదక్ ప్రాంతములలో సంఘములు, పాఠశాలలు, ఆసుపత్రులు స్థాపించిరి. చార్లెస్ వాకర్ పాస్నెట్ గారి పరిశ్రమచేత నిర్మింపబడిన మెదక్ దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆ సంఘములు కూడ అందులో చేరెను. ఆ రాతి గోపురము చూచుటకు ఎక్కడెక్కడినుండియో జనులు వచ్చుచున్నారు. దాని వెనుక గుఱ్ఱముపై పుస్తకము పట్టుకొనిన ఒక మనుష్యుడు ఉన్నాడని జ్ఞాపకము చేసికొనుట మంచిది.

శతవార్షికోత్సవములో మనము పెద్దలను స్మరించి, పూలమాలలు వేసి, ఫోటోలు దిగుదుము. అది తగినదే. దానితోకూడ ఒక చిన్న పని చేయుదమా? మన బీరువాలోని ఆ నాలుగైదు గ్రంథములలో ఒకటి తీసి, దుమ్ము దులిపి, రేపు ఉదయము పదిహేను నిమిషములు చదువుదము. అర్థము కానిచోట పాస్టరుగారిని అడుగుదము. నచ్చనిచోట వెస్లీ తల్లికి వ్రాసినట్లు మన ఇంటివారితో చర్చించుదము. స్త్రీల మైత్రిలోను, యువజన కూడికలోను నెలకొక పుస్తకమును కలిసి చదువుదము.

చదువురాని పెద్దలు మన సంఘములలో ఇంకను ఉన్నారు. కంటిచూపు తగ్గినవారు ఉన్నారు. వారికి ఇందులో పాలు లేదని తలంచవద్దు. ఆల్డర్స్‌గేట్ వీధిలో ఆ రాత్రి ఆక్స్‌ఫర్డు పండితుడే వినువాడుగా కూర్చుండెను. ఎవరో ఒకరు పైకి చదివిరి, అంతే. మన ఇంటిలో మనుమరాలు చదువుచుండగా అమ్మమ్మ వినినయెడల, ఆ చదువు ఎవరి హృదయమును వెచ్చజేయునో దేవునికే తెలియును.

ప్రభువు మన చదువును దీవించి, చదివినదానిని మన జీవితములలో ఫలింపజేయును గాక. ఆమేన్.